‘విశ్వాసం చాలలేదు’ అనే మాట ఇక ఆపండి: తిరుపతి, చిత్తూరు సంఘ కాపరులకు బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, మన రెండు జిల్లాల్లో స్వస్థత కూటాలు నడిపే సహోదరులకు వందనాలు.

నేను తిరుపతిలో లూథరన్ సంఘంలో పుట్టి, అక్కడే బాప్తిస్మం పొంది, ఆ గుడిలోనే పెళ్లి చేసుకున్నదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. కిడ్నీలు రెండూ చెడిపోయి, రెండేళ్లు డయాలిసిస్ మీద బతికి, మూడేళ్ల కిందట ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆయన పోయాక మమ్మల్ని ఓదార్చడానికి ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడికలో విన్న ఒక మాట ఈ మూడేళ్లూ నన్ను వదల్లేదు. దాని గురించే ఈ ఉత్తరం.

ఇంటి ముందర షామియానా వేశాం. మా సంఘం అయ్యగారు ప్రార్థన చేశాక, బంధువులెవరో పిలిపించిన ఒక బోధకుడు వాక్యం చెప్పడానికి లేచారు. మొదట్లో బాగానే చెప్పారు. చివర్లో గొంతు పెంచి, “ఈ ఇంట్లో పరిపూర్ణ విశ్వాసం ఉండుంటే అన్న ఈ రోజు మన మధ్యలో కూర్చుని ఉండేవాడు” అన్నారు. కుర్చీల్లోంచి రెండు మూడు ‘ఆమేన్’లు కూడా వినపడ్డాయి. నా పిల్లలిద్దరూ నా వైపు చూశారు. నేను చాప వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి నుంచి లెక్కలు మొదలయ్యాయి. నా నమ్మకం ఏ రోజు తగ్గింది? డయాలిసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేసిన రోజు భయపడ్డాను, ఆ రోజా? ఉపవాస ప్రార్థనలో మోకాళ్ల మీదే నిద్రపోయాను, అందుకా? ఇంట్లో ఉన్న బంగారం కుదువ పెడితే ఎన్నాళ్లు గడుస్తుందని మనసులో లెక్క వేశాను, దేవుడు అది చూశాడా? పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు నా మనసును నేనే దిద్దుకుంటూ, పేజీ పేజీకీ ఎర్ర సిరా పెట్టుకుంటూ ఏడాదికి పైగా గడిపాను. ఆదివారం గుడికి వెళ్లేదాన్ని, కానీ రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి లేచి వెళ్లడానికి కాళ్లు వచ్చేవి కావు. నా భర్తను చంపిన చేతులతో ఆ రొట్టె ఎట్లా అందుకోవాలి?

అయ్యగార్లూ, ఒక్క వాక్యం మనిషిని ఇంత చేస్తుంది. అన్నవారికి అది బహుశా మరుసటి రోజుకే గుర్తుండదు.

అంతకుముందు సంగతి కూడా చెప్పాలి. డయాలిసిస్ మొదలైన ఏడాదికి ఒక పెద్ద కూటానికి తీసుకుపోయాం. స్టేజీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాయన, “నమ్మినవాడికి మెషిన్ ఎందుకు తమ్ముడూ?” అన్నారు. మా ఆయనకు ఆ మాట పట్టుకుంది. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు ఆ మంచం మీద పడుకుని విసిగిపోయిన మనిషి, పట్టుకోకుండా ఎట్లా ఉంటుంది? రెండు సిట్టింగులు మానేశారు. నాలుగో రోజుకు ఒంట్లో నీరు చేరి, ఊపిరి ఆడక, అర్ధరాత్రి ఆటోలో ఎత్తుకుపోయాం. ఆ సారి బతికారు. కోలుకున్నాక ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది: “టీచరమ్మా, నా విశ్వాసం నాలుగు రోజులకు కూడా సరిపోలేదు చూడు.” చావు తప్పించుకుని వచ్చిన మనిషి సంతోషపడాల్సింది పోయి, పరీక్ష తప్పిన పిల్లాడి మాదిరి సిగ్గుపడుతున్నారు.

ఈ చీకట్లోంచి నన్ను బయటికి లాగింది మా నాన్న కేటికిజం, అంటే విశ్వాసం గురించిన ప్రశ్నోత్తరాల పుస్తకం. ట్రంకుపెట్టెలో దుప్పట్ల కింద దొరికింది. 1529లో మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు గారు ఇళ్లలో పిల్లలకు చెప్పుకోవడానికని రాసిన చిన్న పుస్తకం అది. సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే కన్ఫర్మేషనుకు ముందు మేమందరం కంఠతా పట్టినదే. విశ్వాస ప్రమాణంలో మూడో భాగం, ‘పరిశుద్ధాత్మను నమ్ముచున్నాను’ అనే దానికి వివరణ ఎట్లా మొదలవుతుందో మీలో చాలామందికి నోటికి వచ్చు. నా సొంత బుద్ధితో గానీ, బలంతో గానీ నా ప్రభువైన యేసుక్రీస్తును నమ్మలేనని, ఆయన దగ్గరికి రాలేనని నమ్ముతున్నాను. పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచాడు. అదీ సారం.

నమ్మలేనని నమ్ముతున్నాను! పద్నాలుగేళ్ల వయసులో అప్పచెప్పి మార్కులు తెచ్చుకున్న మాట, అరవై దాటాక ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఏడ్చేదాకా అర్థం కాలేదు. నేను దిద్దుతున్న పేపరు అసలు నా పేపరే కాదు. నమ్మకం అనేది నేను పోగుచేసి దేవుడి ముందు పెట్టాల్సిన పైకం కాదు. ఆయనే నా చేతిలో పెట్టింది.

చిత్తూరు వైపు సంఘాల వారు ఇది లూథరన్ల గొడవ అనుకోవద్దు. స్కడ్డర్ కుటుంబం వారు 1853లో మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ మీకు సువార్త తెచ్చింది. అది అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘం వారి మిషన్. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి వారి విశ్వాసపు ఒప్పుకోలు. అందులో 65వ ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ విశ్వాసం ఎక్కడి నుంచి వస్తుంది? సువార్త ప్రకటన ద్వారా పరిశుద్ధాత్మ మన హృదయాల్లో దాన్ని పుట్టిస్తాడు, బాప్తిస్మం, ప్రభువు బల్ల అనే సంస్కారాల ద్వారా స్థిరపరుస్తాడు అని జవాబు. తిరుపతి వైపు మా పెద్దలకు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు చెప్పిందీ, మీ పెద్దలకు ఆర్కాటు మిషన్ వారు చెప్పిందీ ఈ విషయంలో ఒకటే. కథోలిక సంఘం కూడా తన బోధలో విశ్వాసం దేవుని వరమనే చెబుతుంది. వేరే ఎన్నో విషయాల్లో పేచీ పడిన సంఘాలు ఇక్కడ ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఆ మాట మన కూటాల్లో ఎందుకు వినపడదు?

వినపడకపోవడానికి ‘వరం’ అనే మాట కూడా ఒక కారణమని తెలుగు చెప్పుకుని బతికినదానిగా నాకు అనిపిస్తుంది. పౌలు ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరం, అంటే బైబిల్లోని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే” అని చదువుతాం. మన తెలుగువాళ్ల చెవికి వరం అనగానే ఏం గుర్తొస్తుంది? తపస్సు. హిరణ్యకశిపుడు తపస్సు చేశాడు, వరం పొందాడు. రావణుడు చేశాడు, పొందాడు. భస్మాసురుడూ అంతే. ఒంటికాలి మీద నిలబడి, అన్నం నీళ్లు మాని, దేవుడు దిగిరాక తప్పని స్థితికి తెస్తే వచ్చేది వరం. గుడి మారినా మన చెవి మారలేదు. ఇరవై ఒక్క రోజుల ఉపవాసం, నలభై రోజుల గొలుసు ప్రార్థన, రాత్రంతా జాగరణ, వీటితో విశ్వాసం పెరుగుతుంది, పెరిగితే దేవుడు ఇవ్వక తప్పదు. మన కూటాల్లో నడుస్తున్న లెక్క ఇదే. ఉపవాసాన్ని నేను తక్కువ చేయడం లేదు, నేనూ ఉంటాను. దాన్ని ధర కింద కట్టడమే నాకు భయం.

పౌలు రాసిన గ్రీకు మాట దోరొన్. మత్తయి 2వ అధ్యాయంలో తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసు ముందు బంగారం, సాంబ్రాణి, బోళం పెట్టారు చూడండి, అక్కడా అదే మాట. అక్కడ మన తెలుగు బైబిల్లో ‘కానుకలు’ అని ఉంది. ఇక్కడ ‘వరము’ అని ఉంది. నేను తప్పుపట్టడం లేదు, ‘వరము’ మంచి మాటే. కానీ ఒక్కసారి ఈ వచనాన్ని ‘దేవుని కానుక’ అని చదివి చూడండి. మన గుళ్లలో కానుక అంటే మనం సంచిలో వేసేది. సంచి వరుస వెంబడి వస్తుంది, మనం వేస్తాం, బల్ల మీదికి పోతుంది. ఆ సంచి వెనక్కి తిరిగి, బల్ల మీద నుంచి మన వైపు వస్తే? ఖాళీ చేతుల వాడి దగ్గర ఆగి, ‘తీసుకో’ అంటే? పౌలు చెబుతున్నది ఆ సంగతి. ఈ మాట మీద నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో చెప్పలేను.

‘ఇది మీవలన కలిగినది కాదు’ అన్న చోట ‘ఇది’ అంటే ఒక్క విశ్వాసమేనా, రక్షణ మొత్తమా అని పండితులు వాదిస్తారు. గ్రీకులో ‘ఇది’ అనే మాటకూ ‘విశ్వాసం’ అనే మాటకూ లింగం కలవదు గనుక, మొత్తాన్ని కలిపి అన్నాడని చెప్పేవారే ఎక్కువ. అట్లయినా మొత్తంలో విశ్వాసం ఉండనే ఉంది. పైగా ఈ ఒక్క వచనం మీదే ఆధారపడాల్సిన పని లేదు. పేతురు ‘నీవు క్రీస్తువు’ అని ఒప్పుకున్నప్పుడు, ఈ సంగతి నరులు నీకు బయలుపరచలేదు, నా తండ్రే బయలుపరచాడని యేసు అన్నాడు. ఫిలిప్పీలో లూదియ పౌలు మాట విన్నది, ఎందుకంటే “ప్రభువు ఆమె హృదయము తెరచెను”. తండ్రి ఆకర్షిస్తేనే తప్ప ఎవరూ నా దగ్గరికి రాలేరని యోహాను 6లో ప్రభువే చెప్పాడు. శిష్యులు విశ్వాసం సంపాదించుకొస్తామని బయల్దేరలేదు, ‘మా విశ్వాసము వృద్ధిపొందించుము’ అని ఆయన్నే అడిగారు. ఇచ్చేవాడు ఆయన కాకపోతే ఆయన్ని అడగడం దేనికి?

మీరు వెంటనే వేసే ప్రశ్న నాకు తెలుసు. “నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను” అని యేసే అన్నాడు కదమ్మా అంటారు. అన్నాడు. ఎవరితో? అప్పటికే బాగుపడి, వణుకుతూ కాళ్ల దగ్గర పడిన రక్తస్రావం మనిషితో. పన్నెండేళ్లు వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకున్నదాన్ని ‘కుమారీ’ అని పిలిచి, నలుగురిలో తల ఎత్తుకునేలా చేయడానికి ఆ మాట అన్నాడు. ‘నీ విశ్వాసం చాలలేదు పో’ అని ఒక్క రోగిని వెనక్కి పంపిన చోటు నాలుగు సువార్తల్లో ఎక్కడుంది? నేను రెండుసార్లు వరుసగా చదివాను, నాకు దొరకలేదు. నజరేతులో కూడా, ఊరంతా ఆయన్ని తోసిపుచ్చిన చోట కూడా, కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేశాడని మార్కు రాశాడు.

‘అల్పవిశ్వాసం’ అని గద్దించిన సందర్భం ఒకటుంది. దయచేసి మత్తయి 17, మార్కు 9 పక్కపక్కన పెట్టుకుని చదవండి. మూర్ఛరోగంతో పడిపోయే పిల్లవాడు. శిష్యులు ప్రయత్నించారు, బాగుచేయలేకపోయారు. తర్వాత ఏకాంతంగా వచ్చి, మా వల్ల ఎందుకు కాలేదని అడిగారు. ‘మీ అల్పవిశ్వాసం వల్ల’ అన్నాడు ప్రభువు. ఎవరికి పడింది ఆ దెబ్బ? పిల్లవాడికా? తండ్రికా? ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లకు! మన కూటాల్లో మాత్రం స్టేజీ మీద ఉన్నవాళ్లకు తగలాల్సిన మాట కింద చాప మీద పడుకున్నవాడికి తగులుతోంది. ఇది నేను కోపంతో రాయడం లేదు. కన్నీళ్లతో రాస్తున్నాను.

ఆ తండ్రి ఏమన్నాడు? “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము.” సగం నమ్మకం, సగం అపనమ్మకం, ఒక్క ఊపిరిలో. పరిపూర్ణ విశ్వాసం తెచ్చుకుని రమ్మని యేసు అతన్ని పంపించలేదు. పిల్లవాణ్ణి లేపి నిలబెట్టాడు.

బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న, ముప్పై ఎనిమిదేళ్ల జబ్బు మనిషికి, తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. నాయీను విధవరాలు నోరు తెరిచి అడగనే లేదు, ప్రభువే దగ్గరికి వచ్చి పాడె ముట్టి ఆపాడు. లాజరు సంగతి సరేసరి, నాలుగు రోజుల శవానికి ఏ విశ్వాసం ఉంటుంది? మరోవైపు చూస్తే, పౌలు ముమ్మారు వేడుకున్నా, శరీరంలో ముల్లు అని తాను చెప్పుకున్న బాధ పోలేదు, “నా కృప నీకు చాలును” అన్న జవాబే వచ్చింది. తిమోతికి మాటిమాటికీ కడుపు జబ్బు. పౌలు అతనికి ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని చెప్పాడు, అంటే ఆ కాలపు మందు. త్రోఫిమును జబ్బుతో మిలేతులో వదిలిపెట్టి వచ్చానని రెండో తిమోతి పత్రిక చివర రాశాడు. పౌలు పక్కన నడిచినవాడు అతను. అతనికి విశ్వాసం చాలలేదని పౌలు ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఈ వరుసలో నాకు ఎక్కువ దగ్గరైనది పక్షవాయువు గలవాడి కథ. నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి, మంచంతో సహా దించారు. ‘యేసు వారి విశ్వాసము చూచి’ అని ఉంది. వారి అంటే మోసినవాళ్లను కూడా కలిపే. ఆఖరి నెలలో మా ఆయన ఒక సాయంత్రం, బయట వాన పడుతుంటే, గోడ వైపు తిరిగి పడుకుని, “టీచరమ్మా, నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ప్రార్థన చేద్దామంటే నోట్లో మాట రాదు. నా వంతు కూడా నువ్వే నమ్ము” అన్నారు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడైతే చెప్పేదాన్ని: మీ వంతూ నా వంతూ వేరు కాదండీ, ఇద్దరికీ ఇచ్చేవాడు ఒక్కడే, మీ చెయ్యి లేవకపోతే మంచంతో సహా దించుతాం.

మా ఎదురింట్లో సంస్కృతం చెప్పి రిటైరైన ఒక అయ్యవారు ఉన్నారు. శ్రీవైష్ణవులు. మా ఆయన పోయాక రోజూ సాయంత్రం వచ్చి వసారాలో కాసేపు కూర్చునేవారు. నా బాధ ఒకరోజు ఆయనకు చెప్పాను. ఆయన విని, “అమ్మా, మా పెద్దలు కూడా ఈ ప్రశ్న మీద తరాల తరబడి వాదించుకున్నారు” అని మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. శ్రీవైష్ణవుల్లో వడగలై శాఖ వారు మొదటిది, తెంగలై శాఖ వారు రెండోది అంటారట. రెండు మతాలూ ఒకటేనని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన నమ్మకం ఆయనది, నా ప్రభువు క్రీస్తు. అయినా ఆ సాయంత్రం ఆయన చెప్పిన పిల్లికూన, ఆదరణ కూడికలో విన్న ప్రసంగం కంటే నన్ను ఎఫెసీ పత్రికకు దగ్గర చేసింది. నాకు అంతకాలం కోతిపిల్ల సువార్తే వినిపించారు. చెయ్యి జారితే చచ్చావు అని.

ఏడు కొండల నీడలో బతికే మనం, గోవిందనామాలు చెప్పుకుంటూ అలిపిరి మెట్లెక్కే జనాన్ని రోజూ చూసే మనం, ఈ బోధ వల్ల ఇంకొకటి కూడా నేర్చుకోవాలి. ఎఫెసీ 2లో ఆ వచనం వెంటనే “ఎవడును అతిశయపడ వీలులేదు” అని ఉంది. విశ్వాసం నా తెలివితో నేను పట్టుకున్నదైతే, పట్టుకోలేని పక్కింటివాణ్ణి చులకన చేయవచ్చు. నాకు ఇచ్చిందైతే, ఏ ముఖం పెట్టుకుని చులకన చేస్తాను? కొన్ని కూటాల్లో పొరుగువారి దేవుళ్ల మీద వేసే కేకలు వింటే నాకు తల కొట్టేసినట్టు అవుతుంది. సువార్త చెప్పండి, ధైర్యంగా చెప్పండి. అన్నం దొరికిన బిచ్చగాడు తోటి బిచ్చగాడికి చోటు చూపించినట్టు చెప్పండి. నా దుఃఖంలో నా వసారాలో కూర్చున్న అయ్యవారిని ‘వాళ్లు’ అని మీరు వేదిక మీద అంటుంటే, నాకు కుర్చీలో ఉండబుద్ధి కాదు.

విశ్వాసం దేవుడే ఇస్తాడంటే జనం సోమరులవుతారని ఒక పెద్దాయన నాతో అన్నారు. మా తాత పలమనేరు వైపు చేనులో చెనక్కాయ వేసేవాడు. దుక్కి దున్నేవాడు, విత్తేవాడు, కలుపు తీసేవాడు. వాన ఆయన చేతిలో లేదు, మొలక అసలే లేదు. అందుకని ఇంట్లో పడుకున్నాడా? మార్కు 4లో ప్రభువు చెప్పిన రైతు కూడా అంతే. విత్తి, రాత్రి నిద్రపోయి, పగలు లేస్తాడు. ఎట్లా మొలిచిందో అతనికి తెలియదు, భూమి తనంతట తానే పండిస్తుంది. వినడం వల్ల విశ్వాసం కలుగుతుందని రోమా పత్రికలో ఉంది గనుక వాక్యం దగ్గరికి పోదాం, బాప్తిస్మాన్ని తలుచుకుందాం, ప్రభువు బల్ల దగ్గరికి వద్దాం. అవి దేవుడు ఇచ్చే చోట్లు. అక్కడ చెయ్యి చాచి నిలబడటం మన పని. మొలక మన పని కాదు. మీది అసలే కాదు, అయ్యగార్లూ. ఈ మాట మీకు కూడా విశ్రాంతి ఇస్తుందని నా నమ్మకం. మనుషుల్లో విశ్వాసం పుట్టించే బరువు మీ భుజాల మీద లేదు.

దేవుడు ఇస్తే మరి అందరికీ ఎందుకు లేదన్న ప్రశ్నకు సంఘాలు ఒక్క జవాబు చెప్పలేదు. రిఫార్మ్‌డ్ సంఘాల గురువు కాల్విను దేవుని ఏర్పాటు, అంటే దేవుడు ముందే ఎన్నుకోవడం అన్నారు. లూథరన్లు రక్షణ అంతా దేవునిది, తిరస్కారం మనిషిది అన్నారు. మెథడిస్టుల గురువు వెస్లీ ముందుగా వచ్చే కృప అందరినీ తడుతుంది, మనిషి అవుననవచ్చు, కాదనవచ్చు అన్నారు. వారు వాదించుకోనీ. మొదటి అడుగు కూడా దేవుని కృపతోనే పడుతుందన్న చోట ముగ్గురూ కలిశారు. అసలు ఆ మొదలు దగ్గర మనిషిదే చొరవ అనే మాటను 529లో ఫ్రాన్సులోని ఆరంజ్‌లో కూడిన బిషప్పుల సభ తోసిపుచ్చింది. అంటే మనం ఈ రోజు స్టేజీల మీద వింటున్న దానికి సంఘం పద్నాలుగు వందల ఏళ్లకు పైబడి జవాబు చెప్పి ఉంది.

ఆ సభకు దారి వేసిన అగస్టీను గురించి ఒక్క మాట. హిప్పో పట్టణపు బిషప్పు ఆయన. మొదట్లో ఆయన కూడా నమ్మడం మన వంతు, మిగిలింది దేవుని వంతు అనే రాశారు. “నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?” అని కొరింథీయులను పౌలు అడిగిన ప్రశ్న ఆయన్ని మార్చింది. వయసు మళ్లాక, అప్పట్లో తాను పొరబడ్డానని తానే రాసి ఒప్పుకున్నారు. అంతటివారు ఒప్పుకోగా మనకు నామోషీ ఎందుకు?

కాబట్టి నా మనవి. జబ్బుతో ఉన్నవారి మంచం దగ్గర ‘నమ్ముతున్నావా?’ అని అడగవద్దు. వారు అప్పటికే తమను తాము వెయ్యిసార్లు అడుగుకుని ఉంటారు. ‘నీకోసం మేం నమ్ముతున్నాం’ అనండి. మందు మానమని ఎవరూ, ఏ వేదిక మీదా అనవద్దు. ఆర్కాటు మిషన్ పనిచేసిన మదనపల్లె దగ్గరే, టీబీకి మందు లేని రోజుల్లో, 1915లో పలు మిషన్లు కలిసి ఆరోగ్యవరం ఆసుపత్రి కట్టాయి. వాళ్లు ప్రార్థన తెలియనివాళ్లా? సాక్ష్యాలు చెప్పించేటప్పుడు బాగుపడినవారినే కాదు, బాగుపడకుండానే ప్రభువును విడవనివారినీ పిలవండి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో సింహాల నోళ్లు మూయించినవారూ, రంపాలతో కోయబడినవారూ ఒకే విశ్వాసపు జాబితాలో ఉన్నారు. మన మైకు ముందుకు మొదటివారే వస్తున్నారు. ఆదరణ కూడికలో, దయచేసి, ఏడ్చేవారితో ఏడవండి. కారణాలు వెతకవద్దు. కన్ఫర్మేషను పిల్లలకు ఆ మూడో భాగం కంఠతా పట్టించి వదిలేయకుండా, ‘నమ్మలేనని నమ్ముతున్నాను’ అంటే ఏమిటో ఒక పూట కూర్చుని చెప్పండి. వాళ్లలో ఎవరికో ఒకరికి నలభై యాభై ఏళ్ల తర్వాత అవసరం పడుతుంది.

నాకు మీరు క్షమాపణ చెప్పాల్సిన పని లేదు. ఆ బోధకుణ్ణి నేను క్షమించాను, పేరు కూడా ఎవరికీ చెప్పను. నా పిల్లలు మాత్రం ఇంకా గుడికి రావడం లేదు. వాళ్ల విశ్వాసం కూడా నా చేతిలో లేదు గనుక, ఇచ్చేవాణ్ణి రోజూ అడుగుతున్నాను. మీరూ అడగండి.

మంగళవారం, శుక్రవారం పొద్దున పూట నేను డయాలిసిస్ వార్డుకు వెళుతుంటాను. మా ఆయన పడుకున్న మంచం కిటికీ పక్కది. ఇప్పుడు అక్కడ పుత్తూరు నుంచి వచ్చే ఒక కుర్రవాడు పడుకుంటున్నాడు. నాలుగు గంటలు ఒక్కడే పైకప్పు చూస్తూ ఉంటాడు. మీలో ఎవరైనా రావాలనుకుంటే రండి. వాళ్లకు నీళ్లు కొలత, కాబట్టి కాఫీ, కొబ్బరినీళ్లు తేవద్దు. అరటిపళ్లు, కమలాలు కూడా పడవు. చేతుల్లో ఏమీ లేకుండా రండి. ఊరికే వచ్చి కాసేపు కూర్చోండి.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరి,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తిరుపతి